జిర్కోనియా కోర్ మీద పింగాణీ పొర జిగురుతో నిలుస్తుందా?

చిత్తూరులో డెంటల్ ల్యాబ్ నడుపుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. కింది దవడలో మొదటి పెద్ద దంతానికి తొడిగే క్యాప్ కోసం జిర్కోనియా అనే గట్టి పింగాణీతో కోర్, అంటే లోపలి భాగం, చేశారు. దాని మీద లిథియం డైసిలికేట్ అనే గాజు పింగాణీ బ్లాకు నుంచి మిల్లింగ్ చేసిన (యంత్రంతో చెక్కిన) పై పొరను రెసిన్ సిమెంటు అనే జిగురుతో అతికించారు. అతికించే ముందు రెండు ముక్కలకూ 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం 20 సెకన్లు పెట్టి, కడిగి, సిలేన్ అనే అతుకు ద్రవం పూశారు. అంతకుముందు డాక్టరు గారు కోర్‌ను నోట్లో పెట్టి చూసి వెనక్కి పంపారు కాబట్టి దాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్‌తో శుభ్రం చేశారు. మూడు వారాలకు పై పొర చిట్లకుండా, ఒకే ముక్కగా ఊడి వచ్చింది. "ఇంతకన్నా గట్టి సిమెంటు ఏది? లేక జిగురు మానేసి ఫర్నేస్‌లోనే కలపాలా?"

మీ సిమెంటులో నాకు తప్పేమీ కనిపించడం లేదు. ఒకే ముక్కగా ఊడిందని మీరే రాశారు. అంటే పింగాణీ బాగానే ఉంది, అతుకు విడిపోయింది. ఏ వైపు విడిపోయిందో చూడకుండా సిమెంటు మార్చడం డబ్బు దండగ. ఊడిన పొరను, కోర్‌ను మంచి వెలుతురులో భూతద్దం కింద పెట్టి చూడండి. రెసిన్ అంతా పొర లోపలే అంటుకుని, కోర్ తెల్లగా బయటపడి ఉంటే జిర్కోనియా వైపు పట్టు లేదని అర్థం. రెసిన్ కోర్ మీదే మిగిలి, పొర లోపలి ముఖం శుభ్రంగా ఉంటే ఎచింగ్‌లోనో (ఆమ్లంతో గరుకు చేయడంలోనో) సిలేన్‌లోనో లోపం ఉంది. రెండు వైపులా కొంత కొంత మిగిలి, రెసినే మధ్యలో చీలినట్టు కనిపిస్తే సిమెంటు సరిగా గట్టిపడలేదు, లేదా బుడగలు పడ్డాయి. సిమెంటును అనుమానించాల్సింది ఈ చివరి సందర్భంలోనే. మీరు చెప్పిన విధానాన్ని బట్టి మాత్రం మొదటిదే జరిగి ఉంటుంది. దానికి ఒకటి కాదు, రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, రెండు ముక్కలకూ ఒకే వైద్యం చేశారు. లిథియం డైసిలికేట్‌లో స్ఫటికాల మధ్య గాజు నిండి ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఆ గాజును కరిగించి స్ఫటికాలను పైకి తేలుస్తుంది. వాటి సందుల్లోకి రెసిన్ దిగి పట్టుకుంటుంది. ఆపైన సిలేన్ ఒక చివరతో గాజులోని సిలికాను, ఇంకో చివరతో రెసిన్‌ను కలుపుతుంది. జిర్కోనియాలో ఆ గాజే లేదు. మీరు పెట్టిన గాఢతలో, మీరు ఉంచిన సమయంలో ఆమ్లం దాన్ని గరుకు చేయలేదు. సిలికా లేదు కాబట్టి సిలేన్‌కు పట్టుకోవడానికి అక్కడ ఏమీ దొరకదు. మీ సిలేన్ ఆ కోర్ మీద ఉత్త పూతగా మిగిలింది.

రెండోది ఫాస్ఫారిక్ ఆమ్లం. ఇది చాలా ల్యాబుల్లో, క్లినిక్కుల్లో కూడా అలవాటుగా జరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జిర్కోనియా ఉపరితలానికి ఫాస్ఫేట్ అంటే విపరీతమైన మోజు. లాలాజలంలో ఫాస్ఫేట్లు ఉంటాయి. కోర్ నోట్లోకి వెళ్లి వచ్చేసరికే అవి అతుక్కుని ఉంటాయి, నీళ్లతో కడిగితే పోవు. దాని మీద మీరు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే ఉన్న ఫాస్ఫేట్ పోవడం అటుంచి, కొత్తది వచ్చి చేరుతుంది. జిర్కోనియాకు నిజంగా పనికొచ్చే ప్రైమర్‌లో (అతికించే ముందు పూసే ద్రవంలో) ఎండీపీ అనే అణువు ఉంటుంది. దాని తల కూడా ఫాస్ఫేటే. అది కూర్చోవాల్సిన చోట్లన్నీ ముందే నిండిపోతే అది ఎక్కడ కూర్చుంటుంది? గాజు పింగాణీని, పంటి ఎనామిల్‌ను శుభ్రం చేయడానికి ఫాస్ఫారిక్ ఆమ్లం బాగా పనికొస్తుంది. జిర్కోనియా దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకండి. నోట్లో పెట్టి చూసిన జిర్కోనియాను మళ్లీ సాండ్‌బ్లాస్ట్ చేయాలి, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టాలి. లేదా దీనికోసమే వచ్చే, జిర్కోనియా రేణువులున్న ఐవోక్లీన్ లాంటి పేస్టును 20 సెకన్లు ఉంచి కడగాలి. పేస్టులోని రేణువులు కోర్ మీది ఫాస్ఫేట్‌ను తమవైపు లాక్కుంటాయి.

ఎండీపీ కొత్తదేమీ కాదు. జపాన్‌కు చెందిన కురారే సంస్థ 1981లోనే దాన్ని తయారుచేసింది. జిర్కోనియా విషయంలో దాని విలువ తేలింది మాత్రం ఆ తర్వాతే. జర్మనీలో కెర్న్, వెగ్నర్ 1998లో ప్రచురించిన పరిశోధన చూడండి. సాండ్‌బ్లాస్ట్ చేసి ఎండీపీ లేని మామూలు బిస్-జీఎంఏ రెసిన్‌తో అతికించిన నమూనాలు మొదట్లో గట్టిగానే ఉన్నాయి. 150 రోజులు నీటిలో ఉంచి, మధ్యమధ్య వేడి, చల్లదనం మారుస్తూ పోయేసరికి వాటంతట అవే ఊడిపోయాయి. ఎండీపీ ఉన్న రెసిన్‌తో అతికించినవి నిలిచాయి. అందుకే అతికించిన రోజు చేత్తో లాగి చూసి "రాయిలా ఉంది" అనుకోవడం ఏమీ నిరూపించదు. నోట్లో ఉండేది నీరు. మీ పొర మూడు వారాలు నిలవడం కూడా ఆ మొదటి రోజుల గట్టిదనమే.

ఇప్పుడు చేయాల్సిన తీరు. ముందు కొలతలు, బిగువు, రంగు, కాటు అన్నీ చూసేయండి. డాక్టరు గారు నోట్లో పెట్టి చూడాల్సింది ఉంటే అదీ ముగియాలి. ఉపరితలాలను సిద్ధం చేయడం, అతికించడం మధ్యలో ఆగకుండా ఒకే కూర్చోవడంలో జరగాలి. పొద్దున ఎచింగ్ చేసి పెట్టి, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి అతికించే పద్ధతి వద్దు.

జిర్కోనియా వైపు: 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో, 1 నుంచి 2 బార్ల ఒత్తిడిలో, సుమారు 10 మిల్లీమీటర్ల దూరం నుంచి, గొట్టాన్ని ఒకే చోట నిలపకుండా కదుపుతూ సాండ్‌బ్లాస్ట్ చేయండి. ముందుగా ఉపరితలమంతా మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రంగు ఎక్కడ మిగిలితే అక్కడ పొడి తగల్లేదని కంటికే తెలుస్తుంది. ఒత్తిడి పెంచితే పట్టు పెరుగుతుందనుకోకండి, లోపల సన్నని పగుళ్లు పెరుగుతాయి. ముందు పళ్లకు వాడే బాగా పారదర్శకమైన జిర్కోనియా రకాలు మరీ సున్నితం, వాటికి ఒత్తిడి ఇంకా తగ్గించాలి. తర్వాత ఆల్కహాల్‌లో అల్ట్రాసోనిక్ శుభ్రత, నూనె లేని గాలితో ఆరబెట్టడం, ఆపైన ఎండీపీ ప్రైమర్. అక్కడి నుంచి వేలు తగలకూడదు.

గాలి దగ్గర ఒక మాట. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది, పాత కంప్రెసర్ అయితే నూనె ఆవిరి కూడా గాలితో వస్తుంది. అద్దం ముక్క మీద ఒకసారి గాలి కొట్టి చూడండి. మసక పడితే ఫిల్టర్ మార్చేదాకా అతికించే పని పెట్టుకోకండి. ఖరీదైన ప్రైమర్ కొనే ల్యాబులు చౌకగా దొరికే ఈ ఫిల్టర్‌ను పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పింగాణీ వైపు: స్ఫటికీకరణ కాల్పు (పొర పూర్తిగా గట్టిపడేలా ఫర్నేస్‌లో కాల్చడం) పూర్తయ్యాకే ఎచింగ్ చేయాలి. లోపలి ముఖం మీద గ్లేజ్ (మెరుపు పూత) చుక్క కూడా ఉండకూడదు. లిథియం డైసిలికేట్‌కు 5 శాతం ఆమ్లం 20 సెకన్లు, మీరు చేసింది సరైనదే. ల్యూసైట్ అనే మరో రకం గాజు పింగాణీకి ఇదే ఆమ్లం 60 సెకన్లు కావాలి. రెంటినీ కలగాపులగం చేయకండి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పట్టు అనే నమ్మకం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. గాజు మరీ ఎక్కువగా కరిగి పొర బలహీనపడుతుంది. కడిగి ఆరబెట్టాక తెల్లటి బూడిదలాంటిది కనిపిస్తే అది ఆమ్లం, పింగాణీ కలిసి ఏర్పడిన లవణం. దాన్ని వదిలేస్తే సిలేన్ ఆ లవణాన్ని అంటుకుంటుంది, పింగాణీని కాదు. డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని నిమిషాలు అల్ట్రాసోనిక్ చేస్తే పోతుంది. ఆ పనికి బోరు నీళ్లు వాడొద్దు, వాటిలోని ఉప్పు ఆరాక మళ్లీ పొర కడుతుంది. తర్వాత సిలేన్ పూసి 60 సెకన్లు ఆగి, గోరువెచ్చని గాలితో ఆరబెట్టండి. సీసాలో సిలేన్ మసకబారి ఉంటే పారేయండి. అన్నింటికీ ఒకటే అని అమ్మే కొన్ని సీసాల్లో సిలేన్, ఎండీపీ కలిసే ఉంటాయి. పుల్లని ద్రవంలో సిలేన్ ఎక్కువ కాలం చురుగ్గా ఉండదు. అందుకే నేను గాజు పింగాణీకి ఇప్పటికీ సిలేన్‌ను విడి సీసా నుంచే వాడతాను.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా వదలను. అది మామూలు ఆమ్లంలా వెంటనే మంట పెట్టదు. పలచని ద్రావణం చర్మం మీద పడితే కొన్ని గంటల దాకా నొప్పి తెలియకపోవచ్చు. ఆలోగా ఫ్లోరైడ్ లోపలికి దిగి ఒంట్లోని కాల్షియంను పట్టుకుంటుంది. బల్ల మీద 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు. ఆమ్లాన్ని గాజు గిన్నెలో పోయకూడదు, అది గాజునే తింటుంది. కడిగిన నీటిని సింక్‌లో వదిలే ముందు కాల్షియం కార్బొనేట్ పొడితో ఆమ్లత్వం పోగొట్టాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, నేర్చుకునే కుర్రాళ్లకు కూడా. ఇవి లేని చోట ఆ సీసా తెరవకపోవడం మేలు. కావాలంటే అమ్మోనియం పాలీఫ్లోరైడ్‌తో ఎచింగ్, సిలేన్ రెండూ ఒకేసారి చేసే ప్రైమర్లు 2015 నుంచి దొరుకుతున్నాయి. 20 సెకన్లు రుద్ది, 40 సెకన్లు ఉంచి, కడిగేయాలి. పట్టు కాస్త అటూ ఇటూ అయినా చిన్న ల్యాబుకు అవే క్షేమం.

ఇంతవరకూ అతుకు గురించి. మీరు అడగని, కానీ రేపు మీకు ఎదురయ్యే రెండో సమస్య పొర పగలడం. అతుకు బాగా కుదిరిన తర్వాత వచ్చే సమస్య ఇది. సంఖ్యలు చూడండి. జిర్కోనియా బిరుసుదనం (వంగకుండా నిలిచే గుణం) సుమారు 200 గిగాపాస్కల్స్. లిథియం డైసిలికేట్‌ది 95 దగ్గర, ఫెల్డ్‌స్పార్ పింగాణీది 65 నుంచి 70. రెసిన్ సిమెంటు సాధారణంగా 10 కూడా దాటదు. రెండు గట్టి పదార్థాల మధ్య మీరు ఒక మెత్తని పొర పరిచారు. పరుపు మీద పెట్టిన గాజుపలకను వేలితో నొక్కితే పలక కిందివైపు ఎలా సాగుతుందో, నమిలినప్పుడు పింగాణీ అడుగు అలాగే సాగుతుంది. పింగాణీ నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగుడును ఓర్చుకోదు. అందుకే పగులు పైనుంచి కాక సిమెంటు తగిలిన అడుగు నుంచి పుట్టి పైకి వస్తుంది. పైకి వచ్చేదాకా అద్దంలో చూసినా కనపడదు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బ్రయాన్ లాన్ బృందం ఈ పొరల పగుళ్లను ఏళ్ల తరబడి పరిశీలించింది. అందులో మనకు రోజూ పనికొచ్చే సూత్రం ఒకటుంది. అడుగు నుంచి పుట్టే పగులుకు కావాల్సిన బరువు పొర మందం వర్గంతో పెరుగుతుంది. మందం సగమైతే తట్టుకునే బరువు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 1.2 మిల్లీమీటర్ల పొరను 0.6కు అరగదీస్తే బలం సగానికి తగ్గిందనుకుంటాం, నిజానికి పావు వంతే మిగులుతుంది. డాక్టరు గారు కాటు సరిచేస్తూ బర్‌తో (అరగదీసే మొనతో) గీకేది సరిగ్గా పెద్ద దంతం గాడి దగ్గరే. కాబట్టి గాడి అడుగున కూడా పై పొర 1 మిల్లీమీటరుకు తగ్గకూడదని నా పట్టుదల. కోర్‌ను పలచని టోపీలా కాక, పంటి ఆకారాన్నే చిన్నదిగా చేసి, కస్పుల (పంటి మీది ఎత్తుల) కింద ఆసరా ఇచ్చేలా గీయండి. సిమెంటు పొర ఎంత పలచనైతే పరుపు అంత పలచన. అంటించే సిమెంటుకు ఐఎస్ఓ 4049 ప్రమాణం పెట్టిన గరిష్ఠ మందం 50 మైక్రాన్లు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సిమెంటుకు వదిలే ఖాళీని వదులుగా పెట్టి సిమెంటుతో పూడ్చే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇదంతా పట్టాలంటే పంటి మీద చోటుండాలి. కోర్, సిమెంటు, పై పొర కలిపి నమిలే వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు కావాలి. పళ్లు అరిగిపోయి పొట్టిగా ఉన్న వారికి ఆ చోటు దొరకదు. అలాంటి మోడల్ వచ్చినప్పుడు పొరలు చేయలేనని డాక్టరుకు ఫోన్ చేసి చెప్పడమే టెక్నీషియన్ పని. చెప్పకుండా చేసి ఇస్తే పగిలిన రోజు తప్పు ల్యాబుదే అవుతుంది. పగలడానికి రాళ్లు కొరకనక్కర్లేదు. మన ఊళ్లో తిరుమల లడ్డూలో కలకండ పలుకు ఒక్కటి సరిగ్గా గాడిలో పడితే చాలు. ప్రసాదం తినొద్దని ఎవరికీ చెప్పలేం, పొరను మందంగా చేయగలం.

గట్టిపడటం గురించి క్లుప్తంగా. వెలుతురుతో మాత్రమే గట్టిపడే సిమెంటు ఇక్కడ వద్దు. వెలుతురుతోనూ, దానంతట అదీ, రెండు విధాలా గట్టిపడేదే వాడండి. జిర్కోనియా వైపు నుంచి వెలుతురు సరిగా రాదు కాబట్టి లైటు పింగాణీ వైపు నుంచి, అన్ని పక్కల నుంచి చూపాలి. అంచులకు గ్లిజరిన్ జెల్ పూసి లైటు వేస్తే గాలి తగిలే చోట పచ్చిగా మిగలదు. గట్టిపడేదాకా నిలకడైన ఒత్తిడి ఉండాలి. చేత్తో నొక్కి పట్టుకుంటే చెయ్యి వణికినప్పుడల్లా అతుకు కదులుతుంది.

వేడి గురించి కూడా. తిరుపతిలో, చిత్తూరులో మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. రాత్రి ఏసీ ఆపేసిన గదిలో, చెన్నై నుంచి వచ్చిన పార్సిల్ వ్యానులో, సిమెంటు సిరంజి ఎంత వేడెక్కిందో ఎవరూ చూడరు. వేడి గదిలో సిమెంటు త్వరగా బిగుస్తుంది. మీరు పొరను పూర్తిగా కూర్చోబెట్టేలోపే చిక్కబడి, అనుకున్న 50 మైక్రాన్లు 150 అవుతాయి. పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రతలో ఉంచండి. ఫ్రిజ్ నుంచి తీసినది గది వేడికి వచ్చాకే మూత తీయండి. చల్లని సీసా తెరిస్తే తేమ లోపలికి దిగుతుంది. తేమ తగిలితే ముందు పాడయ్యేది సిలేనే.

ఇక ఫర్నేస్ మాట. మిల్లింగ్ చేసిన పొరను, కోర్‌ను ప్రత్యేకమైన గాజు పొడితో కలిపి ఒకేసారి కాల్చే పద్ధతి ఉంది. లిథియం డైసిలికేట్ స్ఫటికీకరణ 840 నుంచి 850 డిగ్రీల దగ్గర జరిగే కాల్పులోనే రెండూ కలుస్తాయి. మధ్యలో మెత్తని పొర ఉండదు, నీటికి కరిగే బంధం ఉండదు. బలం చూసుకుంటే జిగురు కన్నా ఇదే మేలు. కానీ దానికి తగ్గ గాజు, తగ్గ ప్రోగ్రాం ఉన్న ఫర్నేస్, మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ కావాలి. ఒకసారి కలిసిపోయాక పొరపాటు దిద్దడం కుదరదు. చేత్తో పింగాణీ పేర్చి కాల్చే పాత పద్ధతిలో చిట్లడం ఎక్కువ. జిర్కోనియా వేడిని సరిగా వదలదు, కాల్చిన వెంటనే తలుపు తెరిస్తే పింగాణీ పైన చల్లబడి లోపల వేడిగానే ఉంటుంది. ఆ తేడా ఒత్తిడిగా లోపల బిగుసుకుపోతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే చాలావరకు తగ్గుతుంది.

జిగురుకు ఉన్న గొప్పదనం కూడా ఇక్కడే ఉంది. కాల్పు లేదు కాబట్టి చల్లారడంలో పుట్టే ఒత్తిడి లేదు. పై పొరలో పుట్టిన పగులు ఆ మెత్తని పొర దగ్గర ఆగి, కోర్‌ను దాటకుండా పోవచ్చు. ఇంప్లాంట్ల మీద స్క్రూలతో బిగించే పొడవైన బ్రిడ్జిలో ఒక్కొక్క పంటి పొరను విడిగా అతికిస్తే, ఒకటి పగిలినప్పుడు దాన్నే మార్చి మిగతాది కాపాడుకోవచ్చు. అలాంటి పనికి నేను జిగురునే ఎంచుకుంటాను. మీరు చెప్పినట్టు ఒంటరి పెద్ద దంతానికి మాత్రం పొరలే అక్కర్లేదని నా అభిప్రాయం. వెనక పళ్లకు మొత్తం జిర్కోనియాతోనే ఒకే ముక్కగా చేసి, బాగా పాలిష్ చేసి ఇవ్వండి. రంగులో కొంచెం తక్కువైనా ఊడే పొర ఉండదు, పగిలే పొర ఉండదు. లోపలి పంటి అందం కోసం అన్ని మెట్లు ఎక్కడం నాకు ఎప్పుడూ వృథా శ్రమగానే అనిపిస్తుంది.

ఊడిన పాత పొరను మళ్లీ అతికించకండి. లోపలి రెసిన్‌ను గీకి, బ్లాస్ట్ చేసి తీసే ప్రయత్నంలో అడుగున కొత్త గీతలు పడతాయి, పగులు పుట్టేది ఆ అడుగు నుంచే. కొత్తది మిల్లింగ్ చేయించండి. కోర్ ఇంకా పంటి మీదే సిమెంటుతో బిగిసి ఉంటే పని నోట్లో చేయాలి. అది డాక్టరు పని. చిగురు దగ్గర రబ్బర్ డ్యామ్ (పంటికి తడి తగలకుండా చుట్టూ బిగించే రబ్బరు పొర) లేకుండా సాండ్‌బ్లాస్ట్ గానీ ప్రైమర్ గానీ చేయనివ్వకండి. ఆలోగా ఆ పేషెంటు ఇంట్లో ఫెవిక్విక్‌తో అంటించుకోకుండా ముందే చెప్పి పెట్టండి. అలా వచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఆ జిగురు లాలాజలంలో నిలవదు, దాని పొర మీద ఇంకేదీ అంటదు.

కోర్ మీద మిగిలిందేదైనా ఉంటే గీకే ముందు రెండు ముక్కల లోపలి ముఖాలను దగ్గర నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. గాడి దగ్గర పై పొర మందం కాలిపర్‌తో కొలిచి అదీ రాయండి. రెసిన్ ఏ వైపు ఉందో చూస్తే నా అంచనా సరైనదో కాదో తేలిపోతుంది.